మూడుతో భాగించిన మంచు

నేను అబద్ధాలకోరుని కాదు. మా స్టోనీ శాడిల్ స్కీ క్లబ్బుకి ముప్పై ఒక్క ఏళ్ళుగా మంచు రిపోర్టు రాస్తున్నాను, అంతే. ఆ రెండింటికీ తేడా ఏముందని డూగల్ అంటాడు. వాడు గొర్రెల రైతు. వాడి మాట గొర్రెలు వింటే చాలు.

రిపోర్టు రాయడం పెద్ద విద్యేమీ కాదు. ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ మొదట్లో కొండెక్కి, మంచు ఎంత లోతు పడిందో కర్రతో కొలిచి, సభ్యులందరికీ రాసి పంపాలి. అది చూసుకుని వాళ్ళు సీజన్ మొదటి శనివారం ఎక్కడికి పోవాలో తేల్చుకుంటారు. మా కొండకు రావాలా, మంచు తయారుచేసే యంత్రాలున్న మౌంట్ హారోకి పోవాలా, లేక చలి ఇంకా ఎక్కువుండే దక్షిణానికి పోవాలా అని. పద్ధతి ప్రకారం కొలవవలసింది ఏటవాలు నడిమధ్యన ఉన్న జెండా కర్ర దగ్గర. నాకు ముందు ఈ పని చేసిన పెద్దమనిషి మాత్రం కొండ మీది మా క్లబ్బు ఇంటి మరుగుదొడ్డి వెనక కొలిచేవాడు. గాలి ఊడ్చుకొచ్చిన మంచంతా అక్కడే పోగుపడుతుంది, చలిలో జెండా కర్ర దాకా నడిచే బాధా తప్పుతుంది. ఆయన చూపించిన చోటే నేనూ కొలుస్తూ వచ్చాను. పెద్దల నుంచి వచ్చిన ఆచారాన్ని కాదనడానికి నేనెవరిని?

దీనివల్ల ఎవరికీ మోసం జరగలేదు. మా సభ్యులకి ఆ మరుగుదొడ్డి సంగతి తెలుసు, నా సంగతీ తెలుసు. నేను అరవై సెంటీమీటర్లని రాస్తే మూడుతో భాగించి ఇరవై అనుకుంటారు. ఇరవై అని రాస్తే గడ్డి మీద పంచదార చల్లినట్టు ఉందని అర్థం. "అక్కడక్కడ కాస్త పలుచన" అంటే రాళ్ళు. "కొండ మీద గాలి ఎంతో హాయిగా ఉంది" అంటే అసలు మంచే లేదని. నేను పెంచి రాయడం, వాళ్ళు తగ్గించి చదువుకోవడం, పాత సంసారంలా ఏ గొడవా లేకుండా సాగిపోయింది.

నిరుడు టామ్సిన్ వచ్చి చేరింది. క్రైస్ట్‌చర్చ్‌లో పళ్ళ డాక్టరు, ముప్పై ఏళ్ళు లేవు. ఆ పిల్లకి ఈ భాగహారం సంగతి ఎవరూ చెప్పలేదు. నేను తొంభై అని రాస్తే తొంభై అనే నమ్మింది. అందరూ రాళ్ళు తప్పించుకుంటూ మెల్లగా దిగుతుంటే తాను పైనుంచి బాణంలా వచ్చింది. మూడో మలుపులో ఒక బండ తగిలి గాల్లోకి లేచి, కింద పడేసరికి మెడ దగ్గరి ఎముక విరిగింది. తోటి సభ్యుడు విరెము తన వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మర్నాడు నేను ఆపిల్ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళితే, చెయ్యి మెడకి కట్టుకుని కూచుని, ఆ అమ్మాయి నామీద కోప్పడనైనా కోప్పడలేదు. "తొంభై అన్నారు కదండీ" అంది, అంతే. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఇకమీదట జెండా కర్ర దగ్గరే కొలుస్తానని అక్కడే ఒట్టుపెట్టాను. మార్చిలో క్లబ్బు సమావేశంలో అదే మాట అందరి ముందూ లేచి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళు నమ్మినట్టేనని నేను అనుకున్నాను.

టామ్సిన్ ఆసుపత్రి పాలవడంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. మా క్లబ్బు పెట్టినవాళ్ళు డెబ్భై ఏళ్ళ కిందట ఒక నియమం రాసి పోయారు. సీజన్ మొదటి శనివారం రాత్రి కొండ మీది మా రేకుల ఇంట్లో కనీసం ఆరుగురు సభ్యులు పడుకోవాలి. వరసగా రెండేళ్ళు ఆరుగురికి తక్కువైతే క్లబ్బు మూసేసి, ఇల్లు పక్క లోయలోని పెద్ద క్లబ్బుకి అప్పజెప్పాలి. వాళ్ళ కాలంలో ఎనభై మంది ఉండేవారు, ఆరుగురు ఒక లెక్కా అనుకుని ఉంటారు. ఇప్పుడు కాగితం మీద పందొమ్మిది మందిమి. అందులో నలుగురు బ్రిస్బేన్‌లో స్థిరపడ్డారు, కొందరికి మోకాళ్ళు పోయాయి, ఒకాయన ఏకంగా మనిషే పోయాడు. కొండెక్కేది ఖచ్చితంగా ఆరుగురం. నేను, డూగల్, వాడి భార్య జోస్లిన్, జారేవాళ్ళని తాడుతో కొండపైకి లాగే యంత్రం చూసుకునే మెకానిక్కు విరెము, మందుల షాపు నడిపే మా సెక్రటరీ నోలీన్, ఇంక టామ్సిన్. నిరుడు ఆ శనివారం టామ్సిన్ ఆసుపత్రిలో పడుకుంది కాబట్టి మేం అయిదుగురం మిగిలాం. డూగల్ తన కుక్కని ఆరో మనిషిగా రాయమన్నాడు. కుక్క సభ్యత్వం తీసుకోలేదని నోలీన్ రాయలేదు.

నోలీన్ అంటే అలాంటి మనిషి. కొండ మీది ఇంటి తలుపు తీసిపెట్టి వచ్చాడని అప్పట్లో సభ్యుడైన సొంత మొగుడికి క్లబ్బు తరఫున నోటీసిచ్చింది. ఈ ఏడు కూడా అయిదుగురే అయితే చూసీచూడనట్టు వదిలేస్తుందని ఆశ పెట్టుకోవడం దండగ.

ఆ ఇల్లు పోతే ఎవరికేం పోతుందో నాకు తెలియదు, నాకేం పోతుందో మాత్రం తెలుసు. నేను బడి బస్సు నడుపుతాను. వారానికి అయిదు రోజులు నా వెనక ముప్పై మంది పిల్లలు అరుస్తుంటారు, ఇంటికొస్తే అరిచేవాళ్ళు ఒక్కరూ ఉండరు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు బాధా లేదు. కానీ నా వంట ఉప్పగా ఉందని మొహం మీద చెప్పేవాళ్ళు, నేను గురక పెడితే బూటు విసిరేవాళ్ళు ఈ లోకంలో ఈ అయిదుగురే. అదీ ఆ రేకుల కప్పు కిందనే. కింద ఊళ్ళో, ఫెయిర్లీ సంతలో ఎదురుపడితే ఎవరి పని వాళ్ళది, చెయ్యి ఊపి పోతారు. అరవై ఏడేళ్ళు వచ్చాక కొత్తవాళ్ళని ఎక్కడ వెతుక్కోను?

దేవుడు మొర విన్నట్టే ఈ ఏడు మే నెలాఖరున మంచు మోసుకొచ్చే దక్షిణపు గాలి లేచి రెండు రోజులు ఆగకుండా కొట్టింది. ఆదివారం ఆగగానే నేను జీపు తీసుకుని బయల్దేరాను. గంటన్నర దారి, తరవాత గంట నడక. కొండకి ఇవతలి వైపు ఎప్పుడూ ఎండ తగులుతుంది కాబట్టి దారంతా బురదే. చివరి మలుపు తిరిగి అవతలి వైపు అడుగుపెట్టేదాకా ఏమీ కనబడదు. ఆ అడుగు పెట్టాను, తొడల దాకా దిగిపోయాను.

మరుగుదొడ్డి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఈడ్చుకుంటూ జెండా కర్ర దాకా పోయి కొలిచాను. అరవై రెండు. నమ్మలేక ఇంకో మూడు చోట్ల కొలిచాను. అరవై, అరవై నాలుగు, అరవై రెండు. సీజన్ మొదట్లో అంత మంచు ఈ కొండ మీద చూసి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్కదాన్నే అక్కడ నించుని పకపకా నవ్వాను. ఇంటికొచ్చి స్నానమైనా చేయకుండా రిపోర్టు రాశాను. "జెండా కర్ర దగ్గర కొలిచాను. అరవై రెండు సెంటీమీటర్లు. ఎఫీ."

టామ్సిన్ పది నిమిషాల్లో జవాబిచ్చింది, తప్పకుండా వస్తానని. మిగతావాళ్ళు అరవై రెండుని మూడుతో భాగించుకుని పడుకున్నారు.

బుధవారం సాయంత్రం టామ్సిన్ తప్ప అందరం నోలీన్ వంటింట్లో కూచున్నాం, శనివారం ఎక్కడికో తేల్చుకోడానికి. నేను చీజ్ వేసిన చిన్న రొట్టెలు, స్కోన్లు చేసుకుని పట్టుకెళ్ళాను. మాట మొదలుపెట్టకముందే డూగల్ హారో కరపత్రం బల్ల మీద పరిచాడు. అక్కడ యంత్రాలతో మంచు తయారుచేసి మూడొందల మీటర్ల పొడుగున ఒక పట్టీ పరిచారట. దాని మీద వెయ్యి మంది ఒకరినొకరు తోసుకుంటూ జారతారని నేనన్నాను. అయినా అది మంచే కదా, ఇరవై సెంటీమీటర్ల కింద బండలు లేవు కదా అని వాడన్నాడు. ఇరవై కాదురా అరవై రెండు అన్నాను. వాడు జోస్లిన్ వైపు చూసి కన్నుకొట్టాడు.

జోస్లిన్‌కి స్కీయింగ్ అంటే ముందునుంచీ పడదు. పొయ్యి పక్కన కూచుని నవల చదువుకోడానికి వస్తుంది. హారో కింద వేడినీళ్ళ కొలను కట్టారని, అందులో కూచునైనా చదువుకోవచ్చని ఆమె లెక్క. విరెము బాధ వేరు. యాభై అయిదేళ్ళ జీవితంలో ఎవరో వాడేసిన స్కీలు తప్ప కట్టుకుని ఎరగడు. ఈ ఏడే మొదటిసారి కొత్తవి కొనుక్కున్నాడు.

"అక్కా, తప్పుగా అనుకోకు. వాటి అడుగున ఇంకా అద్దంలా మొహం కనబడుతోంది. మన రాళ్ళ మీద వాటిని గీయడానికి నాకు మనసొప్పడం లేదు" అన్నాడు.

"రాళ్ళు మునిగిపోయాయి విరెమూ. ఒట్టేసి చెబుతున్నా."

"నువ్వు ఒట్టేస్తే దాన్ని కూడా మూడుతో భాగించాలా?" అన్నాడు డూగల్. అందరూ నవ్వారు. విరెము కూడా తల వంచుకుని నవ్వాడు.

ఫోనులో తీసిన ఫోటో చూపించాను. జెండా కర్ర, దాని చుట్టూ మంచు. డూగల్ కళ్ళజోడు పెట్టుకుని, అది జెండా కర్రేనా లేక చీపురుకట్టా అని అడిగాడు. పోనీ ఎవరైనా వెళ్ళి కళ్ళారా చూసి రండి అన్నాను. పొద్దున్నే గొర్రెలున్నాయి, షాపుంది, గ్యారేజీ ఉంది. రానూ పోనూ అయిదు గంటలు పెట్టుకుని ఎఫీ నిజం చెప్పిందో లేదో చూసొచ్చే తీరిక ఎవరికీ లేదు. కిటికీలోంచి చూద్దామంటే వారమంతా కొండ మీద మేఘం దుప్పటి కప్పుకుని కూచుంది. ముప్పై ఏళ్ళు నేను విత్తిన విత్తనమే, కోసుకోక తప్పుతుందా.

చివరికి నోలీన్‌ని అడిగాను. ఆమె ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, తనకి ఎక్కడైనా ఒకటేనని, నలుగురూ ఎటంటే అటేనని. మా వైపు మనుషులకి ఇదో రోగం. ఏం తింటావంటే ఏదైనా పర్లేదంటారు, ఎక్కడికి పోదామంటే ఎక్కడైనా పర్లేదంటారు. మనసులో ఉన్నది బయటికి చెబితే ఎదుటివాడికి ఎక్కడ బరువవుతుందోనని చచ్చేదాకా కడుపులోనే దాచుకుంటారు. నేనూ ఆ మట్టిలో పుట్టినదాన్నే కాబట్టి నోలీన్‌ని ఏమీ అనలేకపోయాను. మరి ఆరుగురి నియమం మాటేమిటని మాత్రం అడిగాను.

"నియమం నియమమేనమ్మా. ఆదివారం పొద్దున్న లెక్క తక్కువైతే సోమవారం మూసివేత కాగితాలు నేనే రాస్తాను. నాకు సరదానా?" అంది నోలీన్.

డూగల్ దాన్ని కొట్టిపారేశాడు. ఆ రేకుల ఇల్లు ఎవడికి కావాలి, ఆ పెద్ద క్లబ్బువాళ్ళు వద్దుబాబోయ్ అని మనకే తిరిగిచ్చేస్తారన్నాడు. వాళ్ళు వద్దనరు. అందులో డీజిల్ డబ్బాలు పెట్టుకుంటామని రెండేళ్ళుగా అడుగుతున్నారు. డూగల్‌కి అది గుర్తుచేద్దామనుకునేలోపే చేతులెత్తమన్నారు. హారోకి నాలుగు చేతులు లేచాయి. నేను తెచ్చిన స్కోన్ల పళ్ళెం నేనే తీసుకుని బయటికి వచ్చేశాను. అందులో రెండే మిగిలాయి, అయినా వదల్లేదు.

గురువారం పొద్దున బస్సు తిప్పి వచ్చాక నాకు ఒక బుద్ధి పుట్టింది. వినాశకాలే అంటారు చూడండి, అలాంటిది. వీళ్ళు ఎలాగూ మూడుతో భాగిస్తున్నారు కదా, నేను మూడుతో గుణించి ఇస్తే సరిపోతుంది అనుకున్నాను. అరవై రెండు మూళ్ళు నూట ఎనభై ఆరు. వాళ్ళు భాగించుకుంటే నిక్కమైన నిజమే చేతికొస్తుంది. కాబట్టి ఇది ఒట్టు తప్పడం కింద రాదని నాకు నేనే సర్దిచెప్పుకుని, "మళ్ళీ కొలిచాను. నూట ఎనభై ఆరు" అని అందరికీ పంపాను.

డూగల్ వెంటనే ఫోను చేశాడు. మాట్లాడలేక నవ్వుతున్నాడు.

"నూట ఎనభై ఆరంటే మన మరుగుదొడ్డి తలుపు మొత్తం మునిగిపోవాలి కదే. మరి నువ్వెక్కడ నించుని కొలిచావు, కప్పు మీదా?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఎంత అబద్ధమైనా ఆ దొడ్డి ఎత్తు దాటకూడదని మా ముందాయనే చెప్పి పోయాడు, ఆవేశంలో మర్చిపోయాను. ఇంత తెగించి రాసిందంటే కొండ మీద ఏమీ లేదన్నమాట అని డూగల్ తేల్చేశాడు. సాయంత్రానికి అందరూ అదే అనుకున్నారు. హారోలో గదులు కూడా మాట్లాడేసుకున్నారు.

అదంతా ఒక ఎత్తు, టామ్సిన్ ఫోను ఒక ఎత్తు. ఆ పిల్ల నా అరవై రెండుని అరవై రెండు అనే చదువుకున్న ఒకే ఒక్క మనిషి. ఇంక ఎవరూ రాకపోయినా తనొక్కతీ వచ్చేది.

"ఎఫీ గారూ, అరవై రెండా, నూట ఎనభై ఆరా? ఈ నాలుగు రోజుల్లో చుక్క మంచు పడలేదు, నేను వాతావరణం వార్తలు చూస్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో నాకు మాటిచ్చారు మీరు" అంది.

నేను గుణకారం సంగతి చెప్పబోయాను. నోటిదాకా వచ్చాక అది ఎంత సిగ్గుమాలిన మాటో నాకే వినబడి, మింగేశాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. పర్లేదండీ, నేను స్నేహితులతో దక్షిణానికి పోతానులెండి అని మర్యాదగా పెట్టేసింది. తిట్టినా బాగుండేది. నమ్మనివాళ్ళని నమ్మించబోయి నమ్మినదాన్ని కూడా పోగొట్టుకున్నాను. ఆ పూట నామీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళకి దింపి వచ్చి, బస్సులోనే కూచుని అందరికీ రాయడం మొదలుపెట్టాను. ముందు లోతు రాశాను, కొట్టేశాను. ఇప్పుడు నేను ఏ అంకె రాసినా ఒకటే, అది గోడకి చెప్పుకున్నట్టే. అంకెలు తీసేశాక ఏం రాయాలో తోచలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను వాళ్ళకి రాసినవన్నీ అంకెలే. రండి అని ఎప్పుడూ రాయలేదు. మంచు ఉందంటే వస్తారు కదా, పిలవడం ఎందుకు అనుకున్నాను. పిలిస్తే రాకపోతారేమో అని భయం కూడా ఉండేదేమో, ఇప్పుడనిపిస్తోంది.

చివరికి ఇలా రాశాను. "మంచు సంగతి మర్చిపోండి. రేపు రాత్రి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పడుకోవడం నాకు ఇష్టం లేదు. అది పోవడం నాకు ఇష్టం లేదు. మీరందరూ రావాలని ఉంది. రండి, ప్లీజ్."

పంపేశాక చెవులు వేడెక్కిపోయాయి. ఎక్కడో నడివీధిలో పావడా జారిపోయినంత సిగ్గేసింది. పడుకోబోయేదాకా ఫోను చూస్తూనే ఉన్నాను. ఒక్కరూ జవాబివ్వలేదు. డూగల్ కూడా ఇవ్వలేదు, జోకు వేసే అవకాశం వాడు వదులుకోవడం నా ఎరుకలో అదే మొదలు. వాడికి కూడా నోట మాట రాలేదంటే నేను మరీ దిగజారిపోయానన్నమాట అనుకున్నాను.

శనివారం తెల్లవారగానే ఒక్కదాన్నే కొండెక్కాను. మేఘం ఇంకా కదల్లేదు గాని మంచు అలాగే ఉంది, ఎవరి అడుగూ పడని మంచు. పొయ్యి రాజేశాను. గొర్రె ఎముకలు, బార్లీ వేసి పెద్ద గిన్నెలో సూపు పెట్టాను. చెయ్యి అలవాటున ఆరుగురికి సరిపడా నీళ్ళు పోసేసింది. బల్ల మీద ఆరు గిన్నెలు పెట్టాను, ఎందుకులే అని అయిదు తీసేశాను, మళ్ళీ పెట్టాను.

మధ్యాహ్నం స్కీలు కట్టుకుని ఒకసారి కిందికి జారాను. అంత మెత్తగా, ఎక్కడా ఒక రాయి తగలకుండా ఆ కొండ దిగడం నా జన్మలో అది రెండోసారో మూడోసారో. కింద మలుపు దగ్గర అదుపు తప్పి బోర్లా పడ్డాను. నోట్లో ముక్కులో మంచు నింపుకుని లేచి చుట్టూ చూశాను. నవ్వడానికి ఎవరూ లేరు. ఇంక రెండోసారి జారాలనిపించలేదు. స్కీలు విప్పి భుజాన వేసుకుని నడుచుకుంటూ ఇంటికి ఎక్కాను.

నాలుగు గంటలకి వెలుగు తగ్గుతోంది. సోమవారం నోలీన్ రాయబోయే కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మొహం ఎలా పెట్టాలా అని ఆలోచిస్తూ పొయ్యి దగ్గర కూచున్నాను. అప్పుడు మేఘంలోంచి తిట్లు వినిపించాయి. గొర్రెల్ని తిట్టే తిట్లు. ఆ తిట్లు తిట్టే గొంతు ఈ జిల్లాలో ఒక్కటే ఉంది.

తలుపు తీసి చూశాను. మేఘం కాస్త పలచబడింది. చివరి మలుపు దగ్గర డూగల్ మోకాళ్ళు దాటి మంచులో కూరుకుపోయి నించున్నాడు. చేతుల్లో మూత కట్టిన ఇంత పెద్ద గిన్నె, వేపిన గొర్రె తొడ వాసన నాదాకా వస్తోంది. వాడి వెనక జోస్లిన్, తలగడ ఒకటి, రెండు లావుపాటి నవలలు పట్టుకుని. ఆమె వెనక నోలీన్, క్లబ్బు రిజిస్టరు ప్లాస్టిక్కు సంచిలో చుట్టుకుని. విరెము వీపున గిటారు. అందరికంటే వెనక టామ్సిన్, రెండు చేతుల్లో రెండు వైను సీసాలు పైకెత్తి పట్టుకుని మంచులో ఈదుకుంటూ వస్తోంది. అందరి కాళ్ళకీ రబ్బరు బూట్లు. బురదలో నడవడానికి వేసుకునేవి. బూట్లలోకి మంచు దిగిపోయి ఒక్కొక్కరు ఒక్కో రాగం తీస్తున్నారు.

అయిదుగురిలో ఏ ఒక్కరి భుజం మీదా స్కీలు లేవు.

వాళ్ళు ఎలాగో గుమ్మం దాకా వచ్చి ఆగారు. ఆగి, వెనక్కి తిరిగి, కొండ మొత్తం ఒకసారి చూశారు. 

"స్కీలేవిరా?" అన్నాను.

విరెము చూపు జెండా కర్ర మీదే ఉంది. "మంచం మీద ఉన్నాయక్కా. దుప్పటి కప్పి వచ్చాను" అన్నాడు. మనిషి పోయిన కబురు చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"అరవై రెండని చెప్పానా లేదా?"

"చెప్పావు" అన్నాడు డూగల్. "తరవాత నూట ఎనభై ఆరన్నావు. దానికీ మేం కదల్లేదు, హారోకే పోదామనుకున్నాం. నిన్న ప్లీజ్ అన్నావు. బళ్ళో చదివిన రోజుల్నుంచీ ఎరుగుదును, నీ నోట ఆ మాట ఏనాడూ వినలేదు. ఇంక కొండ మీద గడ్డి తప్ప ఇంకేం లేదని అందరం ఖాయం చేసేసుకున్నాం."

"నేనైతే గడ్డి కూడా ఉండదనుకున్నానండీ" అంది టామ్సిన్, వెనకనుంచి.

"ఏమీ లేని కొండకి స్కీలు లేకుండా, ఆ బురదలో గంటసేపు పడి ఎందుకొచ్చారు మరి?"

డూగల్ గిన్నె ఒక చంక నుంచి రెండో చంకకి మార్చుకున్నాడు. వాడి దగ్గర జోకు ఉంటుందని చూశాను. లేదు.

"పిలిచావు కదే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఏడిస్తే డూగల్ వచ్చే ఏడాది దాకా ఊరంతా చెప్పుకుంటాడు. సూపు అడుగంటుతోందని చెప్పి లోపలికి పోయి, వాళ్ళందరూ బూట్లు విప్పుకుని వచ్చేదాకా గిన్నెలో గరిటె తిప్పుతూ నించున్నాను.